పదిహేనో మనిషి

"ఫైరాఫీసరు కారు నంద్యాలలో బయల్దేరిందంట!" అని కేకేసి మేనేజరు గోపాలకృష్ణ ఆఫీసు గదిలోంచి బయటికొచ్చాడు, లోపలికి పోయాడు, మళ్లీ వచ్చాడు. తిరుగు, బాగా తిరుగు, ఆ బూట్ల అడుగులు అరిగేదాకా తిరుగు అనుకుంది మాబూబీ, తలుపు మెట్టు మీద కూర్చుని. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు కారులో గంట కూడా పట్టదు. ఆ గంట గడిచాక ఈ తలుపు దగ్గర ఏం జరగబోతుందో ఈ కాంపౌండులో తనొక్కదానికే తెలుసు. ఒంటి మీద మెరిసే పట్టీల ఆకుపచ్చ కోటు, మెళ్లో ఈల. తొమ్మిదేళ్లుగా ఇదే తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్న మనిషి కింది నుంచి ఇవాళ స్టూలు లాగేసి, ఫైర్ మార్షల్ అని పేరు పెట్టారు. మార్షలంట, పెట్టిన మొహానికి సిగ్గుండొద్దూ! గోడ మీద "చెకింగ్ లేనిదే ఎవరూ బయటికి పోరాదు, ఇట్లు యాజమాన్యం" అని ఉండే బోర్డు పోయి, ఆ చోట అద్దాల ఫ్రేములో పటం వచ్చింది. ఈ పత్తి విత్తనాల ప్లాంటు అంతా అందులో గీతలు గీతలుగా ఉంది. ముందర తలుపు, వెనక తలుపు, ఎర్ర బాణాలు, అందరూ వచ్చి నిలబడాల్సిన లారీ కాటా. నిప్పంటుకుంటే మనుషులు ఎటు ఉరకాలో ఆ పటం చెబుతుందట. ఏడాది మీద రెండు నెలల కిందట ఎక్కడ దాచిపెట్టుకున్నావయ్యా ఈ పటాన్ని? శ్రీవాణి బతికున్నప్పుడు ఒక్క బాణమైనా గీసి ఉంటే నీ చేయి అరిగిపోయేదా?

వెనక తలుపుకు కూడా కొత్తగా రంగు వేశారు. బందులకు నూనె పోశారు, ఎదురుగా ఎత్తుగా పేర్చి ఉన్న గోతాలన్నీ తీసి షెడ్డులో పడేశారు. మూడు రోజులుగా రిహార్సలు నడిచింది, పెళ్లి చూపులకు ఇల్లు సర్దినంత హడావుడి. సైరన్ కూస్తే చెప్పులు వెతుక్కోవద్దు, డబ్బాలు పట్టుకోవద్దు, నవ్వొద్దు, మాబూబీ ఈల వేస్తుంది, గబగబా వచ్చి కాటా దగ్గర నిలబడండి. మొదటిరోజు ఆడోళ్లందరూ కిసుక్కున నవ్వుతూ వచ్చారు. రెండో రోజు మూడు నిమిషాలు పట్టింది. మూడో రోజుకు గోపాలకృష్ణ ఒక ఉపాయం చేశాడు, ముసలోళ్లందరినీ తలుపు దగ్గరి బల్లలకు మార్చి, వయసు పిల్లలను లోపలికి పంపాడు. రెండు నిమిషాల్లో తేలిపోయింది. "సూసినారా, ఎంత ఈజీనో!" అని చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు విన్నప్పుడు మాబూబీకి అక్కడికక్కడే ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. అంత సులువే అయితే ఆ పిల్ల ఎందుకు చచ్చింది మరి?

చెకింగ్ అంటే ఏమిటో బయటివాళ్లకు చెబితే నమ్మరు. ఇక్కడి విత్తనం ఊరికే విత్తనం కాదు, తల్లి విత్తనం. పిడికెడు బయటికి పోయిందంటే పక్క కంపెనీవాడు అదే రకం పండించి తనదని అమ్ముకుంటాడని యాజమాన్యానికి ఎప్పుడూ గుబులు. అందుకని భోజనానికి పోయినా, ఇంటికి పోయినా, కడుపునొప్పని మధ్యలో పోయినా, ప్రతి ఆడమనిషీ మాబూబీ ముందు వరసలో నిలబడి రెండు చేతులూ చాపాలి. చంకలు, రొంటి, కుచ్చిళ్ల మడత, పైట కొంగు విదిలించడం, కొప్పు విప్పి చూడటం, డబ్బా మూత తీయడం. ఒక్కొక్కరికీ అర నిమిషం పైమాటే. తొమ్మిదేళ్లలో ఆమెకు దొరికినవేమిటి? బెల్లం ముక్కలు, తాయెత్తులు, ఒకసారి ఎవరికో ఎవరో రాసిన చీటీ. విత్తనం మాత్రం ఒక్క గింజ దొరికితే ఒట్టు. అయినా చేతులకు అలవాటైపోయింది. ఎవరి ఒంట్లో ఎముకలు తేలాయో, ఎవరికి నెల తప్పిందో మొగుడి కంటే ముందు ఈ చేతులకే తెలిసేది. వాళ్లకూ అలవాటైపోయింది. ఆళ్లగడ్డ బజారులో కూరగాయల దగ్గర ఎదురుపడినా నవ్వుతూ చేతులు చాపి నిలబడేవాళ్లు. "సూడు మాబుక్కా, రొంట్లో ఏం దాసినానో!" అనేవాళ్లు. ఆ ఎకసెక్కాలకు తను కూడా పగలబడి నవ్వేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు మీద ఉమ్మేయాలనిపిస్తుంది.

శ్రీవాణికి కితకితలు ఎక్కువ. ఇరవై రెండేళ్ల పిల్ల, సన్నగా పొడుగ్గా ఉండేది, చంక కింద చేయి వేస్తే చాలు మెలికలు తిరిగేది. "బేగా కానీ అక్కా, సస్తాండా" అనేది రోజూ. రోజూ అదే మాట. ఆ మాట ఆ రోజు కూడా అంది, ఆ పొగలో. వద్దు, ఇప్పుడు వద్దు, ఇప్పుడే అది తలుచుకుంటే పని చెడుతుంది. పని కావాలి ముందు. ఏడుపు తర్వాత. గోపాలకృష్ణ మొహం చూడు, అది చూస్తే ఏడుపు దానంతటదే ఆగిపోతుంది. ఇస్త్రీ మడత నలగని చొక్కా, నుదుటన బొట్టు, ఆఫీసరు కోసం తెప్పించిన నంద్యాల బేకరీ బిస్కెట్ల పెట్టె చంకలో. ఆ మొహాన్ని పద్నాలుగు నెలలుగా రోజుకు నాలుగుసార్లు చూస్తూ "నమస్తే సార్" అంటోంది తను. ఎన్ని రకాలుగా చంపలేదు మనసులో! విత్తనాలకు పట్టించే ఎర్రమందు కాఫీలో కలిపి ఇచ్చింది. గోడౌనులో పెట్టి తలుపు వేసి, మందు డబ్బాలకు అగ్గిపుల్ల గీసి, బయట స్టూలు మీద కూర్చుని ఆయన దగ్గు విన్నది. దర్గా ముందు నిలబడి, వాడి నోట్లో మాట పడిపోవాలని దువా చేసింది, చేసి ఇంటికొచ్చి తోబా తోబా అని లెంపలేసుకుంది. అన్నీ ఉత్తవే. పొద్దున లేచి వచ్చి మళ్లీ నమస్తే సార్. కానీ పోయిన వారం ఆ ఆకుపచ్చ కోటు తెచ్చి ఇచ్చి, "తలుపు కాడ నువ్వే ఉండాల మాబూబీ, నీకైతే అందరూ అలవాటు" అన్నప్పుడు ఆమెకు ఒళ్లంతా వెలిగింది. వాడే చేతికి ఇచ్చాడు. తలుపు ఇచ్చాడు, ఆఫీసరును ఇచ్చాడు, ఆయన చేతిలో గడియారం పెట్టి మరీ ఇచ్చాడు.

"శిరివెళ్ల దాటినారంట!" అని మళ్లీ కేక. "మాబూబీ, ఈల ఉండాది గదా?"

"ఉండాది సార్."

"సెకింగు గికింగు అని నోరు జారొద్దు. అడిగితే అట్లాంటిదేమీ లేదని సెప్పు."

"సరే సార్" అంది. సరే సార్, సరే సార్. పద్నాలుగు నెలల కిందట కూడా ఇదే గొంతుతో సరే సార్ అంది. లోపల మందు కలిపే యంత్రం దగ్గర తీగ కాలి, డబ్బాలు అంటుకుని, నల్లగా చేదు పొగ కమ్ముకుంది ఆ రోజు మధ్యాహ్నం. ఎవరో మంట మంట అని అరిచారు. ఆడవాళ్లంతా ఈ తలుపు వైపు ఉరికి వచ్చారు. వచ్చి ఏం చేశారు? అల్లా, ఈ మాట ఎవరికి చెబితే అర్థమవుతుంది! వచ్చి వరసలో నిలబడ్డారు. దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ, ఒకరి వెనక ఒకరు, చేతులు చాపి. ఒక్కరంటే ఒక్కరు ఈమెను తోసుకుని పోలేదు. ఏళ్ల తరబడి రోజుకు నాలుగుసార్లు చేసింది కాళ్లూ చేతులూ వాటంతట అవే చేశాయి. మరి ఈమె? ఈమె చేతులు కూడా అంతే. చంక, రొంటి, కుచ్చిళ్లు, కొంగు, కొప్పు. గోపాలకృష్ణ బయట నుంచి "సూసి పంపు, సందులో సందని ఎత్తుకపోతారు!" అని అరిచాడు, నిజమే, అరిచాడు, ఈ చెవులతో విన్నది. కానీ ఆయన అరవకముందే నలుగురిని చూసింది తను. ఈ నలుగురి సంగతి ఎప్పుడూ తలపుకు రానీయదు. వస్తుంది. ఈ నలుగురి దగ్గరికి వచ్చేసరికి గోపాలకృష్ణ మీది కోపం ఒక్క క్షణం జావగారిపోయి, ఆ చోట తన చేతులు కనపడతాయి. అందుకే గబగబా ఆయన కేక దగ్గరికి పోతుంది, అక్కడైతే కోపం గట్టిగా ఉంటుంది, కాలు పెట్టుకోవడానికి చోటుంటుంది.

పదకొండు మందిని చూసి పంపింది. పన్నెండో ఆమె కొప్పు విప్పుతోంది. ఆమె వెనక ఇద్దరు, ఆ ఇద్దరి వెనక శ్రీవాణి. పదిహేనో మనిషి. పొడుగు పిల్ల కదా, అందరి తలల మీదుగా కనపడింది, చేతులు అప్పటికే చాపుకుని ఉంది, పైట నోట్లో కుక్కుకుంది. పైట తీసి, "బేగా కానీ అక్కా" అంది. అంతే. పొగ పైనుంచి పరదాలా దిగింది, వెనక నుంచి ఎవరో తోశారు, మాబూబీ వెల్లకిలా మెట్ల మీద పడింది, ఆమె మీద నుంచి తొక్కుకుంటూ పోయారు. అది మంచిదే అయింది, అట్లా తొక్కారు కాబట్టే మిగతావాళ్లు బతికారు. శ్రీవాణి మాత్రం ఆ తోపులాటలో వెనక్కి తిరిగి వెనక తలుపు వైపు పోయినట్టుంది. దానికి తాళం, ముందర గోతాలు. తాళం చెవి గోపాలకృష్ణ ఇంట్లో సొరుగులో. గోతాల మీదికి ఎక్కి, తలుపుకు చెంప ఆనించి పడి ఉంది ఆ పిల్ల, మంట ఆరిపోయాక చూస్తే. ఒంటి మీద ఒక్క కాలిన మచ్చ లేదు.

ఇంతవరకు అయితే తప్పు జరిగిందనుకోవచ్చు, తప్పులు జరుగుతాయి, మనుషులం. ఆ సాయంత్రం వాడు చేసింది ఉంది చూడు, అది తప్పు కాదు, అది పాపం. పనికి వచ్చేవాళ్లు ఫోన్లన్నీ తలుపు దగ్గర పెట్టెలో వేసి లోపలికి పోవాలి, ఆ పెట్టె కాపలా మాబూబీదే. ఆ రోజు సాయంత్రం అందరూ ఏడుస్తూ ఫోన్లు తీసుకుని వెళ్లాక పెట్టెలో ఒక్క ఫోను మిగిలింది. వెనకాల సీతాకోకచిలుక బొమ్మ అతికించి ఉన్న ఫోను. గోపాలకృష్ణ వచ్చి దాన్ని తీసుకున్నాడు. పోలీసులు రాకముందు లోపలికి తీసుకుపోయి, కాలిన గోడకు వేలు రాసి, ఆ మసి ఫోను అద్దానికి పూశాడు. తను చూస్తూనే ఉంది, తన ఎదురుగానే పూశాడు, తనను మనిషి కింద లెక్కేస్తే కదా దాచుకోవడానికి! తర్వాత కాగితం వచ్చింది. అందరూ క్షేమంగా బయటికి వచ్చేశారు, ఏ చెకింగూ జరగలేదు, శ్రీవాణి అనే కార్మికురాలు నిబంధనకు విరుద్ధంగా దొంగచాటుగా ఫోను లోపలికి తీసుకుపోయింది, దానికోసం మళ్లీ లోపలికి వెళ్లి మరణించింది. సాక్షి సంతకం మాబూబీ పెట్టాలి. "పెట్టకుంటే ఏమైతాది సార్?" అని అడిగింది. "ఏమైతాదా? ఆడోళ్లను ఆపింది ఎవురు? నేనా? నీ సేతులే గదా. కేసు నీ మీదే. నీ ఇష్టం" అన్నాడు, టీ తాగుతూ. ఇంటికొచ్చి మొగుడు బుడేన్‌తో చెప్పింది. ఆటో తుడుస్తున్నవాడు గుడ్డ పక్కన పడేసి, "సంతకం పెట్టెయ్యి, పోయినోళ్లు ఎట్లా రారు" అన్నాడు. పెట్టేసింది. మిగతా ఆడవాళ్లకూ వరసలో నిలబడిన సంగతి తెలుసు, ప్లాంటు మూసేస్తారని భయపడి వాళ్లూ నోరు కుట్టుకున్నారు. శ్రీవాణి ఆ వరసలో ఎక్కడుందో మాత్రం వాళ్లకు తెలియదు, పొగలో ఎవరి వెనక ఎవరో ఎవరు చూశారు? ఎదురుగా నిలబడి చూసింది ఒక్క మాబూబీ.

ఆ కాగితం మీద సంతకం పెట్టిన దానికి శిక్ష రోజూ పడుతూనే ఉంది. శ్రీవాణి తల్లి వెంకటలక్ష్మి కూడా ఇక్కడే పనిచేస్తుంది. ఆ రోజు గడివేములలో పెళ్లికి పోయి బతికిపోయింది, బతకడం అని దాన్నంటే. నెల తిరిగేసరికి పనిలోకి వచ్చింది, రాకపోతే కూడెవడు పెడతాడు? రోజుకు నాలుగుసార్లు మాబూబీ ముందు నిలబడి చేతులు చాపుతుంది. ఆ తల్లి ఒంటి మీద చేయి వేసిన ప్రతిసారీ గోపాలకృష్ణ మీద పగ ఒక గుక్కెడు పెరుగుతుంది. ఎందుకంటే ఆ తల్లి ఏడవడం లేదు, తిడుతుంది. చచ్చిన కూతుర్నే తిడుతుంది. "ముదనష్టపుది, ఫోను కోసం సచ్చింది గదా మాబూ, ఫోను కోసం! దొంగతనంగా తీసకపోయింది, సూడు ఎంత బరితెగింపో." ఒక్కోరోజు తనను తానే తిట్టుకుంటుంది. "కొనిచ్చింది నేనే గదా, ఈ సేతుల్తో కొనిచ్చినా గదా." కూతురి ఫోటోకు దండ కూడా వేయలేదట, గోడకు తిప్పి పెట్టిందట. విన్నావా గోపాలకృష్ణా, నీ ఒక్క వేలు మసికి ఒక తల్లి బిడ్డ ఫోటోను గోడకు తిప్పి పెట్టుకుంది! పిల్లను చంపినందుకైతే నిన్ను ఎప్పుడో ఒకరోజు క్షమించేదాన్నేమో. చచ్చినదాన్ని దొంగను చేశావు చూడు, దానికి మాత్రం నీ చర్మం ఒలిచినా నా కచ్చ తీరదు. ఆ తల్లి నోటి నుంచి ఆ తిట్టు వచ్చినప్పుడల్లా మాబూబీ నాలుక చివరికి నిజం వస్తుంది, చేతులు దాన్ని వెనక్కి తోస్తాయి. నిజం చెప్పాలంటే చేతుల సంగతి కూడా చెప్పాలి కదా.

అందుకని నోటితో పనిలేని ఉపాయం ఒకటి ఆలోచించుకుంది. సైరన్ కూయగానే ఈల వేయకూడదు. తలుపుకు అడ్డంగా నిలబడి, కొంగు బిగించి, ఎప్పటిలాగే చెకింగ్ చేయాలి. ఆఫీసరు చేతిలో గడియారం నడుస్తుంటుంది. వరస కడుతుంది, యాభై మంది, అర్ధగంట. ఆయన కళ్లారా చూస్తాడు. ఇదేమిటని అడిగితే, రోజూ ఇంతే సార్, యాజమాన్యం ఆర్డరు అనాలి. అంతే, ఆపైన ఒక్క మాట లేదు. లైసెన్సు పోతుంది, పరువు పోతుంది, ఆ ఇస్త్రీ చొక్కా చెమటతో తడిసి వీపుకు అతుక్కుంటుంది. తన పేరు రాదు. ఆడవాళ్ల పని కూడా పోతుందే అని రాత్రి ఒక ఆలోచన వచ్చింది. పోనీ. అందరూ నోరు కుట్టుకున్నారు కదా, పోనీ. ఇంత చెడ్డగా తను ఎప్పుడూ ఆలోచించలేదు జన్మలో. అయినా తీయగా ఉంది ఆ ఆలోచన, నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నట్టుంది. గేటు బయట కారు హారను. వచ్చాడు.

ఆఫీసరు ఇమ్మానుయేలు బక్కపలచగా, కళ్లద్దాలతో, బడిపంతులులా ఉన్నాడు. బిస్కెట్లు ముట్టుకోలేదు. పటం చూశాడు, వెనక తలుపు తెరిచి చూశాడు, మూశాడు. "నేను లోపల మధ్యలో ఉంటా. సైరన్ కొట్టించండి. ఆఖరి మనిషి వెనకాల మనమిద్దరం బయటికి వద్దాం" అన్నాడు గోపాలకృష్ణతో. మాబూబీ వైపు చూసి, "నువ్వే మార్షలామ్మా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయాడు. ఆమె లేచి నిలబడింది. కొంగు బిగించింది. కొట్టు సైరన్, కొట్టు, పద్నాలుగు నెలలు ఆగాను, ఇంకెంతసేపు.

సైరన్ కూసింది. బల్లలు జరిగిన చప్పుడు, కాళ్ల చప్పుడు, రిహార్సల్లో చెప్పినట్టే గబగబా వచ్చారు. తలుపు దగ్గరి బల్ల వెంకటలక్ష్మిదే, ముసలోళ్లను ముందుకు మార్చారు కదా. అందరికంటే ముందు ఆమె వచ్చింది. వచ్చి, తలుపుకు అడ్డంగా ఉన్న మాబూబీని చూసి, టక్కున ఆగి, రెండు చేతులూ చాపింది. మూడు రోజుల రిహార్సలు ఎటు పోయిందో! ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇంకొకామె, అందరూ ఆగారు, చేతులు లేచాయి. మాబూబీ కోరుకున్న వరసే. అల్లా, ఇదే కదా నేను కోరుకున్నది, కానీ ఈ ముసలిదాన్ని మొదట ఎందుకు నిలబెట్టావు? అదే నిలబడటం, అదే మెడ కాస్త పక్కకు వంచడం, తల్లిదే కదా బిడ్డకు వచ్చింది. తన చేతులు అప్పటికే సగం లేచాయి. చంక దాకా పోయాయి. పోయినవి అక్కడే ఆగిపోయాయి. ఈ చేతులు ఇంకోసారి ఈ వరసను ఆపితే, నిజమైన మంటైనా ఉత్తుత్తి మంటైనా, ఇక ఇవి నావి కావు, వాడివే అనుకుంది. "పో వదినా!" అని అరిచింది. వెంకటలక్ష్మికి అర్థం కాలేదు, చేతులు అట్లాగే చాపి చూస్తోంది. భుజాలు పట్టుకుని బయటికి తోసింది. "ఉరకండే, ఏం సూస్తాండారు, పొండి, పొండి!" ఈల నోట్లో పెట్టుకుని ఊపిరి ఉన్నంతసేపు ఊదింది. ఒక్కొక్కరి వీపు మీద చరిచి తోసింది. యాభై మంది ఆమె పక్క నుంచి కాటా దగ్గరికి ఉరికారు, చెప్పులు జారిపోయినవాళ్లు వట్టి కాళ్లతోనే ఉరికారు.

తీయని ఆలోచన అంతా పోయింది, ఉపాయం పోయింది, వాడు గెలిచాడు. ఇదిగో వస్తున్నాడు, ఆఫీసరు పక్కన నవ్వుకుంటూ, "రెండున్నర నిమిషం సార్, మా వాళ్లు శానా ట్రైనింగు..." అంటూ. ఆ నవ్వు తలుపు దాకా వచ్చింది. మాబూబీ తలుపుకు అడ్డం నిలబడింది. ముందుగా అనుకోలేదు, కాళ్లు వాటంతట అవే వచ్చాయి.

"జరుగు మాబూబీ."

"సేతులు సాపండి సార్."

"ఏందీ?"

"సెకింగు. సెకింగ్ లేనిదే ఎవురూ పోగూడదు అని మీరే బోర్డు పెట్టినారు గదా." ఆఫీసరు వైపు తిరిగింది. "సార్, ఆ గడియారం మళ్లీ మొదట్నుంచి నొక్కండి. ఒక మనిషికి ఎంతసేపు పడతాదో సూసుకోండి." గోపాలకృష్ణ పళ్లు బయటపెట్టి నవ్వబోయాడు, "దీనికి మతి సెడింది సార్" అన్నాడు. ఆఫీసరు నవ్వలేదు. ఆయన బొటనవేలు గడియారం మీటను నొక్కింది. అది చూసి గోపాలకృష్ణ చేతులు ఎందుకో పైకి లేచాయి. మాబూబీ చంకలు తడిమింది. ఇస్త్రీ చొక్కా చెమటతో తడిసి ఉంది. జేబులు తిప్పింది, నడుం చుట్టూ వేళ్లు పోనిచ్చింది, బెల్టు లాగింది, కాలర్ ఎత్తింది, వంగి ప్యాంటు మడతలు విదిలించింది. తొమ్మిదేళ్లలో ఎవరినీ ఇంత నిదానంగా చూడలేదు. కాటా దగ్గర యాభై మంది ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, మెడ మీద నరం కొట్టుకుంటోంది, ఆ నరాన్ని ఆమె కళ్లారా చూసుకుంది.

"ఎంత సార్?"

"నలభై సెకన్లు" అన్నాడు ఆఫీసరు.

"ఆ దినం పొగ వచ్చినాక ఇట్లా పదకొండు మందిని సూసినా సార్. పన్నెండో ఆమెను సూస్తాంటే అందరూ తోసినారు. శ్రీవాణి పదిహేనో మనిషి. వరసలోనే ఉన్నింది. సేతులు సాపుకోని నా కండ్ల ముందర ఉన్నింది. బయటికే రాలేదు, దేనికీ తిరిగి లోపలికి పోలేదు." గొంతు బయటికి గట్టిగా వచ్చింది, కాటా దాకా పోయింది. "ఈయప్ప సూసి పంపమని అరిసినాడు. అరవకముందు నలుగురిని నేనే సూసినా, ఎవురూ సెప్పకుండానే. తిరిగి పోయిందని కాయితంలో అబద్ధం సంతకం పెట్టింది కూడా నేనే."

"మూయవే నోరు!" అని గోపాలకృష్ణ చేయెత్తాడు. ఆఫీసరు ఆ చేయి పట్టుకున్నాడు. అప్పటికే వెంకటలక్ష్మి కాటా దగ్గర నుంచి వచ్చేసింది. వట్టి కాళ్లతో వచ్చింది, మాబూబీ మొహంలో మొహం పెట్టి చూసింది.

"మరి ఫోను?"

"నా పెట్టెలో ఉన్నింది వదినా. పొద్దున్నే వేసి పోయింది. ఈయప్ప తీసుకోని మసి పూసినాడు. నేను సూస్తానే ఉన్నా. నీ బిడ్డ దొంగ కాదు."

వెంకటలక్ష్మి మాబూబీ చెంప మీద కొట్టింది. చేయి తిప్పి రెండో చెంప మీద కూడా కొట్టింది. మూడోసారి చేయెత్తి, దాన్ని అట్లాగే దించి, గోపాలకృష్ణ కాలర్ పట్టుకుంది. ఆమె నోట్లోంచి ఒక అరుపు వచ్చింది, పద్నాలుగు నెలలుగా కూతురి కోసం ఏడవని ఏడుపంతా ఒక్కసారిగా వచ్చింది. ఆడవాళ్లందరూ కాటా వదిలి ఇటే వస్తున్నారు. ఆఫీసరు జేబులోంచి కలం తీశాడు, ఫైలు తెరిచాడు, ఎవరి పేరుతో మొదలుపెట్టాలో తెలియనట్టు ఆగాడు.

మాబూబీ పెదవి చిట్లింది, నోట్లో ఉప్పగా ఉంది. కొంగుతో తుడుచుకుంది.

"ముందర నా పేరు రాసుకోండి సార్" అంది. "షేక్ మాబూబీ. దాని కింద ఈయప్ప పేరు రాయండి. రెండూ ఒకే కాయితంలో రాయండి సార్. ఏరే ఏరే రాస్తే ఈయప్ప కాయితం మాయం సేస్తాడు."